యాభై శాతం దగ్గరే అసలు టెన్షన్

కన్సల్టింగ్ ఉద్యోగానికి చివరి రౌండ్ ఇంటర్వ్యూ ఇచ్చి ఫలితం కోసం చూస్తున్న ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "రాలేదని చెప్పేసినా పర్వాలేదు, ఏదో ఒకటి చెప్పేస్తే చాలు అనిపిస్తోంది. చెడ్డ కబురు కన్నా ఏ కబురూ లేకపోవడమే ఎందుకింత నరకంగా ఉంటుంది?"

ఒత్తిడిలో కార్టిసాల్ పెరగడం, గుండె వేగంగా కొట్టుకోవడం అందరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. వాటి జోలికి పోను. ఆమె ప్రశ్నలో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. దెబ్బ ఖాయమని తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు, తగలకపోవచ్చు అన్నప్పుడే మనిషి ఎక్కువ నలిగిపోతాడా? దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు.

యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆర్చీ డి బెర్కర్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం అది. 45 మంది చేత కంప్యూటర్‌లో ఒక ఆట ఆడించారు. తెర మీద ఒక రాయి కనిపిస్తుంది, దాని కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము బయటపడిందా, చేతికి నొప్పి పుట్టేంత కరెంటు షాక్ తగులుతుంది. ఊహ సరైనదైనా సరే, షాక్ తప్పదు. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతో ఆట సాగేకొద్దీ మారిపోతుంటుంది. ఆడుతున్నంతసేపూ వాళ్ల చర్మం మీద చెమటనూ, కంటిపాప ఎంత విచ్చుకుందో దాన్నీ కొలిచారు. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది షాక్ ఖాయమైనప్పుడు కాదు, అవకాశం సగానికి సగం ఉన్నప్పుడు. దెబ్బ తప్పదని నూటికి నూరు పాళ్లూ తెలిసినవాడు, తప్పించుకునే అవకాశం సగం ఉన్నవాడి కన్నా కుదురుగా ఉన్నాడన్నమాట!

దీన్ని ఒక గుట్టలా ఊహించుకోండి. ఎడమ అంచున "ఉద్యోగం రాదు, ఖాయం". కుడి అంచున "వస్తుంది, ఖాయం". రెండు అంచులూ నేలమట్టం. యాభై శాతం దగ్గర శిఖరం. గుట్ట ఎత్తే అనిశ్చితి. ఈ ఎత్తును కొలవడానికి క్లాడ్ షానన్ 1948లో ఒక సూత్రం ఇచ్చాడు. సమాచార సిద్ధాంతంలో దాన్ని ఎంట్రొపీ అంటారు, బిట్లలో లెక్కిస్తారు. సంభావ్యత 0.5, అంటే యాభై శాతం అయితే అనిశ్చితి సరిగ్గా 1 బిట్, నాణెం ఎగరేసినప్పుడు బొమ్మా బొరుసా అన్నంత. 0.6 అయితే 0.97. 0.7 దగ్గర 0.88, 0.8 దగ్గర 0.72, 0.9 దగ్గర 0.47. 0.99కి వచ్చేసరికి 0.08.

ఈ అంకెల్ని ఇంకోసారి నిదానంగా చూడండి. నాకు ఎప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. అవకాశం యాభై నుంచి అరవైకి పెరిగితే అనిశ్చితి తగ్గింది మూడు శాతమే. అదే తొంభై నుంచి తొంభై తొమ్మిదికి పెరిగితే దాదాపు ఆరో వంతుకు పడిపోయింది. అంటే ఈ గుట్ట నెత్తి చదును, అంచులు నిట్టనిలువు. నెత్తి మీద నిలబడ్డవాడు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసినా దిగినట్టు ఉండదు. మన ఒత్తిడి అక్షరాలా ఈ సూత్రం ప్రకారమే నడుస్తుందని నేననను. కానీ పాముల ఆటలో దాని తీరు ఇదే: మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం.

ఇప్పుడు కన్సల్టింగ్ ఇంటర్వ్యూ దగ్గరికి వద్దాం. అందులో ముఖ్యమైనది కేస్ ఇంటర్వ్యూ. ఒక వ్యాపార సమస్య ఇస్తారు: ఓ కంపెనీకి అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం తగ్గుతోంది, ఎందుకో తేల్చండి. ఒకే సరైన జవాబంటూ ఉండదు, చూసేది ఆలోచించే పద్ధతిని. మా పాఠకురాలు గుణకారంలో ఒక సున్నా వదిలేశారు. అంకె మరీ చిన్నగా కనిపించడంతో అనుమానం వచ్చి, ఆగి, తనే దిద్దుకున్నారు. ఎదుటివారు ముఖంలో ఏ భావమూ లేకుండా "సరే, ఇంకేమైనా ఉందా?" అన్నారు. ఆ సున్నా, ఆ "ఇంకేమైనా" ఇప్పుడు ఆమె బుర్రలో గానుగెద్దులా తిరుగుతున్నాయి.

వీటికి సాక్ష్యంగా ఎంత బరువుందో బేయిస్ సూత్రంతో తూచవచ్చు. పాత పందెపు నిష్పత్తిని, అంటే వచ్చే అవకాశాన్ని రాని అవకాశంతో భాగిస్తే వచ్చేదాన్ని, కొత్త సాక్ష్యం బలంతో గుణిస్తే కొత్త నిష్పత్తి వస్తుంది. సాక్ష్యం బలం అంటే, ఎంపికైనవాళ్లకు ఆ మాట వినిపించే అవకాశాన్ని, ఎంపిక కానివాళ్లకు వినిపించే అవకాశంతో భాగిస్తే వచ్చేది. "ఇంకేమైనా ఉందా?" అని బాగా చెప్పినవాళ్లనూ అడుగుతారు, తడబడ్డవాళ్లనూ అడుగుతారు. ఇద్దరినీ పదిమందిలో ఆరుగురి చొప్పున అడిగారనుకుందాం. ఆరుని ఆరుతో భాగిస్తే ఒకటి. ఒకటితో ఎన్నిసార్లు గుణించినా యాభై యాభైగానే ఉంటుంది. పోనీ, తన తప్పు తనే పట్టుకోవడం కాస్త మంచి గుర్తే, దాని బలం ఒకటిన్నర అనుకుందాం. అప్పుడు నిష్పత్తి ఒకటిన్నరకు ఒకటి, అంటే యాభై శాతం అరవై అవుతుంది. అరవై దగ్గర గుట్ట ఎత్తెంతో పైన చూశాం, 0.97!

రాత్రంతా ఇంటర్వ్యూని తిరగేసినా మనసు కుదుటపడకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. జ్ఞాపకాల్లో దొరికే సాక్ష్యాల బలం ఒకటికి అటూ ఇటూగానే ఉంటుంది. గుట్ట దిగడానికి కావలసిన బలమైన సాక్ష్యం ఒక్క మెయిల్‌లోనే ఉంది, అది ఇంకా రాలేదు. సంభావ్యత పాఠాన్ని సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులతో మొదలుపెట్టి అక్కడే ముగించేస్తారు. మనిషి రోజూ అనుభవించే బెంగకు ఇంత చక్కని లెక్క ఉందని పిల్లలకు చెబితే ఆ పాఠం జన్మలో మర్చిపోరు.

మరి మెయిల్‌ను పదేపదే తెరవడం మాటేమిటి? 2003లో ఫియొరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమిన్ కణాలను, అంటే బహుమతి మీది ఆశతో ముడిపడిన రసాయనాన్ని విడుదల చేసే కణాలను, గమనించారు. పళ్లరసం చుక్క వస్తుందో రాదో ముందుగా ఒక బొమ్మ సూచిస్తుంది. ఆ తర్వాత ఎదురుచూసే రెండు సెకన్లలో ఆ కణాల అలజడి మెల్లగా పెరుగుతూ పోయింది. అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది అవకాశం 0.5 ఉన్నప్పుడే, అంటే మళ్లీ అదే గుట్ట. భయానికే కాదు, ఆశకు కూడా శిఖరం అక్కడే ఉంది. అందుకే బెంగతో ఫోన్ పక్కన పడేసిన చెయ్యే ఆశతో మళ్లీ దాన్ని తీస్తుంది.

శకునాలు పుట్టేది కూడా ఇలాంటి చోటేనేమో. 1948లో స్కిన్నర్ ఆకలిగా ఉన్న పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, కొద్ది సెకన్లకోసారి గింజలు అందేలా చేశాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు తలా ఒక తంతు పట్టుకున్నాయి. ఒకటి గిరగిరా తిరిగింది, ఇంకొకటి తల ఎగరేసింది. తమ తంతు వల్లే గింజ వస్తోందన్నట్టుగా అవి ప్రవర్తించాయని స్కిన్నర్ అన్నాడు. ఆ వివరణను తర్వాతివాళ్లు ప్రశ్నించారు, అది వేరే కథ. మన చేతిలో లేని ఫలితానికి మన చేష్టను ముడిపెట్టడం మాత్రం ఎంత చదువుకున్నవారిలోనైనా కనిపిస్తుంది. అదే చొక్కా వేసుకుంటే మంచి కబురు వస్తుందని నమ్మేవారిని తిట్టబుద్ధి కాదు. కానీ ఆ చొక్కాకు సాక్ష్యంగా బలం ఒకటే!

పనికొచ్చే ఉపాయం ఒకటుంది, అది ఎలుకల దగ్గర దొరికింది. 1970ల తొలినాళ్లలో జే వైస్ రెండు ఎలుకలకు ఒకే సమయంలో ఒకే షాక్ ఇచ్చాడు. ఒకదానికి షాక్‌కు ముందు ఒక శబ్దం వినిపించేవాడు. దానికి కడుపులో పుండ్లు చాలా తక్కువగా వచ్చాయి. రెండూ తిన్న దెబ్బలు సమానమే, కానీ శబ్దం వినపడనంతసేపూ ఒక ఎలుక నిశ్చింతగా ఉండగలిగింది. కాబట్టి "ఏ తేదీలోగా చెబుతారు?" అని కంపెనీవారిని మర్యాదగా ఒక మెయిల్‌లో అడిగేయండి. తేదీ తెలిస్తే ఫలితం గురించిన అనిశ్చితి పోదు, కానీ ఎప్పుడు అన్న అనిశ్చితి పోతుంది. ఆ తేదీ వరకు ఇన్‌బాక్స్‌ను కాపలా కాసే పని ఉండదు.

ఇక చెడ్డ కబురే వస్తే? డేనియల్ గిల్బర్ట్ బృందం 1998లో ఒక ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ పెట్టి, తిరస్కరిస్తే ఎంత బాధపడతారో అభ్యర్థులనే ముందుగా అడిగింది. తీరా తిరస్కరించాక వాళ్లు పడిన బాధ, ఊహించుకున్న దానికన్నా తక్కువే. సర్దిచెప్పుకునే శక్తి తమలో ఉందన్న సంగతిని వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు.

కాలిఫోర్నియాలో న్యాయవాద పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసినవారిని కేట్ స్వీనీ బృందం పరిశీలించింది. మనసు మళ్లించుకోవడం, మంచే జరుగుతుందనుకోవడం లాంటి ఉపాయాలు వాళ్ల బెంగను పెద్దగా తగ్గించలేదు. అయితే ఆ నాలుగు నెలలూ ఎక్కువ మథనపడినవారే, ఫెయిలైనప్పుడు ఆ కబురును మెరుగ్గా తట్టుకున్నారు, పాసైనప్పుడు ఎక్కువ సంతోషించారు.