డాన్స్ కంపెనీ ఎవరిది? బోర్డు గురించి అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లు స్టేజీ మీద ఉన్నాను. మోకాలు మొరాయించాక అదే కంపెనీలో ఆఫీసు వైపు వచ్చాను. ఇప్పుడు బోర్డు, అంటే కంపెనీని పర్యవేక్షించే కమిటీ, మీటింగులకు కాగితాలు తయారుచేయడం, అక్కడ ఏం జరిగిందో మినిట్స్‌గా రాయడం నా పని. డాన్సర్‌గా ఉన్నన్నాళ్లూ బోర్డు అంటే ప్రీమియర్ రోజు ముందు వరసలో కూర్చుని, అయ్యాక గ్రీన్‌రూమ్‌కొచ్చి "అద్భుతం" అనేసి వెళ్లిపోయేవాళ్లనే అనుకునేదాన్ని. ఇప్పటికీ రిహార్సల్ హాల్లో అవే మాటలు వినిపిస్తుంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కంపెనీ దాన్ని స్థాపించిన కొరియోగ్రాఫర్‌ది.

వాస్తవం: పేరు ఆవిడది, శైలి ఆవిడది. కంపెనీ మాత్రం ఆవిడది కాదు. కాంటెంపరరీ డాన్స్ కంపెనీల్లో చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలుగా రిజిస్టరవుతాయి. అలాంటి సంస్థకు ఓనరంటూ ఎవరూ ఉండరు. డబ్బు మిగిలితే పంచుకోవడం ఉండదు. బ్యాంకు ఖాతా, సెట్లు, కాస్ట్యూములు, ఒప్పందాలు అన్నీ సంస్థ పేరునే ఉంటాయి. ఆ సంస్థ తరఫున చట్టానికి జవాబు చెప్పాల్సింది బోర్డు. కొరియోగ్రాఫర్ ఆ బోర్డు నియమించిన ఆర్టిస్టిక్ డైరెక్టర్, అంటే జీతానికి పనిచేసే మనిషి. ఈ ముక్క మొదటిసారి విన్నప్పుడు కొరియోగ్రాఫర్ల ముఖం చూడాలి!

ఇదేదో కాగితాల మీది తేడా అనుకుంటే, సొంత పేరు మీదే కంపెనీ పెట్టిన అమెరికన్ కొరియోగ్రాఫర్ మార్తా గ్రాహమ్ విషయం చూడండి. 1991లో 96 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు. తన ఆస్తంతా ఒక వారసుడికి రాసిచ్చారు. నృత్యాలన్నీ తనవేనని ఆయన అనుకున్నారు. కొన్నేళ్లపాటు బోర్డు కూడా అలాగే అనుకుంది! 2000లో బోర్డుకీ ఆయనకీ చెడింది. డబ్బు లేక కంపెనీ పని ఆగింది, గొడవ కోర్టుకెక్కింది. 2002లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు వివాదంలో ఉన్న 70 నృత్యాల్లో 45 సంస్థవేనని చెప్పింది. వారసుడికి దక్కింది ఒక్కటి. మరో పదింటి మీద ఎవరికీ హక్కు లేదు, అవి అందరివీ అంది. కోర్టు ప్రధానంగా చూసింది ఒక్కటే: గ్రాహమ్ ఆ నృత్యాలను సంస్థ ఉద్యోగిగా జీతం తీసుకుంటూ చేశారా, లేదా? 2004లో అప్పీలు కోర్టు కొన్ని మార్పులతో ఆ తీర్పును చాలావరకు ఖాయం చేసింది.

అన్ని దేశాల్లో చట్టం ఇలాగే ఉండదు. కొన్నిచోట్ల ఉద్యోగి చేసినా హక్కు చేసినవాళ్లకే ఉంటుంది. అందుకే కొత్త పీస్, అంటే కొత్త నృత్యం, మొదలుపెట్టే ముందు కాగితం మీద ఉండాల్సింది ఒకటుంది. ఇది ఎవరిది, కొరియోగ్రాఫర్ వెళ్లిపోతే కంపెనీ దీన్ని ఎన్నేళ్లు ఆడొచ్చు, రాయల్టీ ఎంత? స్నేహంగా ఉన్నప్పుడు ఇది రాసుకోవడానికి పది నిమిషాలు చాలు. చెడ్డాక పదేళ్లు పట్టినా తేలదు.

అపోహ: ఏ డాన్స్ చేయాలో బోర్డు చెబుతుంది.

వాస్తవం: చెప్పకూడదు. మంచి బోర్డు చెప్పదు. ఒకసారి మా సభ్యుడొకరు "చివర్లో ఆ మౌనం కాస్త తగ్గిస్తే బాగుంటుందేమో" అన్నారు. చైర్‌పర్సన్ ఆయన వైపు ఒక్క చూపు చూసి "తర్వాతి అంశం" అన్నారు. అది మినిట్స్‌లో రాయలేదు.

అపోహ: హాళ్లు నిండుతున్నాయంటే డబ్బుకు లోటు లేనట్టే.

వాస్తవం: టూర్‌లో టికెట్ల డబ్బు చాలాసార్లు మన చేతికి రానే రాదు. థియేటరో, ఫెస్టివలో మనకు ఒక ఫీజు మాట్లాడుకుంటుంది. హాలు నిండినా సగమే నిండినా అదే ఫీజు. అందులో కొంత అడ్వాన్సుగా వస్తుంది, మిగతాది షో అయ్యాక ఎప్పుడో వస్తుంది. గ్రాంటు వాయిదాల్లో వస్తుంది. కొత్త పీస్‌కి మాత్రం ఆరేడు వారాల రిహార్సల్ జీతాలు మొదటి షోకి ముందే కట్టాలి. అంటే అందరూ చప్పట్లు కొడుతున్న రోజునే ఖాతా అన్నిటికంటే ఖాళీగా ఉంటుంది.

మా బోర్డులో లెక్కలు చూసే ట్రెజరర్ రిటైరైన అకౌంటెంట్. మా పీసుల్లో ఏది ఏదో ఆయన ఇప్పటికీ గుర్తుపట్టలేరు. ఒక మీటింగులో డైరెక్టర్ కొత్త పీస్‌కి నలుగురు సంగీతకారులు లైవ్‌గా కావాలని అరగంట చెప్పింది. ఆవిడ చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఆయన మాత్రం నేనిచ్చిన షీట్‌లో ఒక గడి మీద వేలుపెట్టి కూర్చున్నారు. అంతా విని, "బాగుంది మేడమ్. మార్చి 31న పద్నాలుగు మందికి జీతాలివ్వాలి. ఆ రోజు బ్యాంకులో ఎంతుంటుంది?" అన్నారు. నేను చెప్పాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సంగీతకారులు వద్దని ఎవరూ అనలేదు. ప్రీమియర్‌ను ఐదు వారాలు వెనక్కి జరిపారు. ఆ వారమంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. తీరా చూస్తే మాకు రావాల్సిన ఫెస్టివల్ డబ్బు రెండు నెలలు ఆలస్యమైంది. మేం ముందు అనుకున్న తేదీకే పోయుంటే మార్చి జీతాలు ఆగిపోయేవి.

బోర్డులో అందరికీ డాన్స్ తెలిసి ఉండాలన్నది మరో అపోహ. దానికి జవాబు కూడా ఈయనే. అలాగని డాన్స్ తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతే కూడా ప్రమాదమే. రిహార్సల్ వారాలు కోసేస్తే గాయాలు పెరుగుతాయని ఆ గదిలో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

అపోహ: డైరెక్టర్ నచ్చకపోతే బోర్డు పంపేయొచ్చు.

వాస్తవం: నియమించడం, ఏటా పనితీరు చూడటం, అవసరమైతే తప్పించడం బోర్డు పనే. కానీ దానికో పద్ధతి ఉంటుంది. కొరియోగ్రాఫర్ పినా బాష్ 2009లో చనిపోయాక, జర్మనీలోని ఆమె కంపెనీ టాంజ్‌థియేటర్ వుప్పర్టాల్‌కు 2017లో బయటినుంచి కొత్త డైరెక్టర్ వచ్చారు. ఏడాది దాటీ దాటకముందే 2018లో ఆ కొత్త డైరెక్టర్‌ను తొలగించారు. ఆ తొలగింపు చెల్లదని లేబర్ కోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత రాజీ కుదరడానికి 2020 దాకా పట్టింది. అన్నాళ్లూ నష్టపోయేది డైరెక్టరూ బోర్డూ మాత్రమే కాదు, కింద డాన్సర్లు కూడా.

అపోహ: డాన్సర్ల సంగతి బోర్డుకు అనవసరం.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. స్టూడియోలో కాంక్రీటు మీద నేరుగా వినైల్ పరిచారా, లేక కింద దెబ్బను పీల్చుకునే స్ప్రంగ్ ఫ్లోర్ వేశారా అన్నది బోర్డు బడ్జెట్‌లో తేలే విషయం. గాయాల ఇన్సూరెన్స్ కూడా అంతే. నా మోకాలి చరిత్రలో ఆ కాంక్రీటుకీ ఒక పేజీ ఉంది.

ఇంకొకటి ఫిర్యాదులు. నేను మొదట పనిచేసిన చోట ఏ ఇబ్బంది ఉన్నా డైరెక్టర్‌కే చెప్పాలని రూలు. ఇబ్బంది పెడుతున్నదే డైరెక్టరైతే? శరీరాన్ని ముట్టుకుని దిద్దే వృత్తి ఇది. పాత్రలు ఇచ్చేదీ, కాంట్రాక్టు పొడిగించేదీ ఒకే మనిషి. డైరెక్టర్‌ను దాటి నేరుగా ఒక బోర్డు సభ్యుడికో సభ్యురాలికో చెప్పుకునే దారి లేకపోతే ఎవరూ నోరు విప్పరు. మేమూ విప్పలేదు.

అపోహ: కంపెనీ మూతపడితే బోర్డు ఫెయిలైనట్టే.

వాస్తవం: అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్ కంపెనీని చూడండి. తన తర్వాత కంపెనీ రెండేళ్లు చివరి టూర్ చేసి ఆగిపోవాలని ఆయన బతికుండగానే, 2009 జూన్‌లో ప్రకటించారు. జులైలో చనిపోయారు. అన్నట్టే 2011 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో చివరి ప్రదర్శన జరిగింది. నృత్యాల హక్కులు ట్రస్టుకు వెళ్లాయి. వీడియోలు, నోట్సు, లైటింగ్, కాస్ట్యూమ్ వివరాలతో ఒక్కో పీస్‌కు డిజిటల్ ప్యాకెట్ తయారుచేశారు. కొత్త పనిలో కుదురుకునేందుకు డాన్సర్లకు డబ్బు సాయం కూడా ఆ ప్లాన్‌లోనే ఉంది. అందరూ అలాగే మూసేయాలని కాదు. మరో కొరియోగ్రాఫర్ ఆల్విన్ ఐలీ 1989లో పోయాక, ఆయన దగ్గర డాన్సర్‌గా చేసిన జుడిత్ జామిసన్ ఆయన కంపెనీని రెండు దశాబ్దాలకు పైగా నడిపించారు. తేల్చుకోకుండా నాన్చడంతోనే ఇబ్బంది.

మా ఎజెండాలోనూ "ఆర్టిస్టిక్ డైరెక్టర్ తర్వాత" అన్న అంశం ఒకటుంది. మూడు మీటింగులు టైమ్ లేదని వాయిదా పడింది. నిజానికి టైమ్ ఉంది, ఆవిడ ముందు ఆ మాట ఎత్తడానికి అందరికీ మొహమాటం. నాలుగోసారి ఆవిడే ఒక కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. సరైన వీడియో లేని పాత పీసుల జాబితా. పదకొండు ఉన్నాయి.