ఒక్క మధ్యాహ్నంలో తీసేసిన పోస్టు

తెలంగాణలో ఊరి భూమి రికార్డులు చూసే గ్రామ పాలన అధికారుల (జీపీఓల) పంచాయితీ మళ్లీ మొదటికొచ్చింది. ఒక్కొక్కరికి రెండేసి ఊళ్లు అప్పజెబితే ఏ ఊరి పని చూడాలని వాళ్లు అడుగుతున్నారు. ఇదివరకు చేసిన పాత సర్వీసు లెక్కలోకి తీసుకోవాలంటున్నారు. ఇంకోపక్క, అంతా ఆన్‌లైన్ అయ్యాక ఊరికో ఉద్యోగి దేనికి, జీతాలు దండగ కాదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ దండగ మాట పాతదే. 2020లో ఇదే పని చూసే వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టు మొత్తాన్ని ఎత్తేశారు.

పాతకాలం ఊరి అధికారులైన మాలీ పటేళ్లు, పట్వారీల దగ్గర మొదలుపెడితే ఈ కథ తెమలదు. నేరుగా 2020 సెప్టెంబర్ 7కి వెళ్దాం. సోమవారం. అసెంబ్లీ సమావేశాలు మొదలైన రోజు. రాష్ట్రమంతటా వీఆర్వోల దగ్గరున్న రికార్డులను మధ్యాహ్నం 3 గంటల్లోగా స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. సాయంత్రానికల్లా నివేదిక పంపాలన్నారు. వీఆర్వోలు పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు), రిజిస్టర్లు గుడ్డ మూటల్లో కట్టుకుని, బైకుల మీద పెట్టుకుని తహసీల్దార్ ఆఫీసులకు తెచ్చారు. ఏయే సంవత్సరం పహాణీ, ఎన్ని పుస్తకాలు అని తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఎందుకు తీసుకుంటున్నారో చాలామందికి అప్పటికి తెలియదు. రెండు రోజుల తర్వాత, 9న, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వీఆర్వో పోస్టుల రద్దు బిల్లు సభలో పెట్టాక తెలిసింది. సభలో చెప్పిన లెక్క ప్రకారం వాళ్లు 5,485 మంది.

ప్రభుత్వం చెప్పిన కారణం అవినీతి. అది ఊరికే పుట్టించిన మాటేం కాదు. తండ్రి చనిపోతే కొడుకుల పేర్లు ఎక్కించడానికి కూడా వీఆర్వో చెయ్యి తడపాల్సి వచ్చిన ఊళ్లు తెలంగాణలో కోకొల్లలు. రద్దు వార్త విని టపాసులు కాల్చిన వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఒకటి గమనించాలి. ఆ బిల్లు సభలో పెట్టిన రోజే మెదక్ జిల్లాలో ఒక అదనపు కలెక్టర్‌ను ఏసీబీ అరెస్టు చేసింది. 112 ఎకరాల ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసం కోటీ 12 లక్షల లంచం కేసు అది. అంతకు నెల ముందే కీసరలో కోటి రూపాయలకు పైగా లంచం కేసులో ఒక తహసీల్దార్ దొరికారు. పెద్ద మొత్తాలు దొరికింది పైమెట్ల మీద. ఊడింది కిందిమెట్టు.

ఇక దండగ లెక్క చూద్దాం. వీఆర్వోల ఉద్యోగాలు పోవని, సమాన స్కేలుతో వేరే శాఖల్లో సర్దుతామని సభలోనే హామీ ఇచ్చారు. మంచిదే. అయితే ఆ సర్దుబాటు జీవో 2022 జులై చివర్లో గానీ రాలేదు. అంటే దాదాపు 22 నెలలు 5,000 మందికి పైగా ఉద్యోగులకు పోస్టు లేదు, చేయాల్సిన పనుల జాబితా (జాబ్ చార్ట్) లేదు, జీతం మాత్రం నెలనెలా పడింది. తహసీల్దార్ ఏది చెబితే అది చేశారు. ఒకరోజు వడ్ల కొనుగోలు కేంద్రం, ఒకరోజు ప్రోటోకాల్ డ్యూటీ, ఇంకోరోజు ఊరికే కుర్చీ. ఆదా అయ్యింది ఏంటో ఏ పద్దులోనూ కనపడదు. తర్వాత లాటరీ. కలెక్టరేట్లలో చీటీలు తీసి ఎవరు ఏ శాఖకో తేల్చారు. ఏ సర్వే నంబర్ పక్కన ఏ వాగు పారుతుందో చూడకుండా చెప్పగలిగిన మనిషి, చీటీలో వచ్చిన శాఖలో ఇన్‌వర్డ్ రిజిస్టర్ రాస్తూ కూర్చున్నాడు.

ఆ మనిషిని పక్కన పెడితే ఏం పోయిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి, 2017కి జరగాలి. ఆ సెప్టెంబర్ 15న భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊరూరా తిరిగి రికార్డు సరిచేసింది ఈ వీఆర్వోలే. గడువు దగ్గరపడుతోందని పైనుంచి రోజూ ఒత్తిడి. ఆ టెన్షన్‌లో ఎక్కిన తప్పులు తక్కువ కాదు. ఎకరం ముప్పై గుంటలు ఎకరమే అయింది, పేరులో ఒక అక్షరం మారింది, సర్వే నంబరే మాయమైంది, పట్టాభూమి అమ్మడానికి వీల్లేని నిషేధిత జాబితాలో చేరింది. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో ప్రారంభమైన ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి ఈ రికార్డు మీదే నిలబడింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని, ఆ తప్పులు కంప్యూటర్‌లో గట్టిపడే సమయంలోనే పక్కకు తప్పించారు. నన్నడిగితే ఇవాళ్టి గొడవకంతా మూలం ఇక్కడే ఉంది.

ధరణిలో రికార్డు శుభ్రంగా ఉన్నవాళ్లకు పని తేలికైంది, కాదనలేం. స్లాట్ బుక్ చేసుకుంటే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకేచోట, ఒకేరోజు. తేడా వచ్చింది మిగతావాళ్లకు. తప్పు దిద్దే అధికారం తహసీల్దార్‌కు లేకుండా చేసి కలెక్టర్‌కు ఇచ్చారు. రైతు మీసేవకు వెళ్లి ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. అది కలెక్టర్‌కు పోయేది. కలెక్టర్ రిపోర్టు అడిగితే మళ్లీ తహసీల్దార్ దగ్గరికే వచ్చేది. తహసీల్దార్ ఎవర్ని పంపాలి? మండలంలో ఒకరో ఇద్దరో ఉండే గిర్దావర్‌ను (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను). ఊళ్లన్నిటికీ ఆయనే. పంచనామా చేయడానికి ఆయన ఊళ్లోకొస్తే, పొలం ఎక్కడో చూపించేదీ హద్దులు చెప్పేదీ దరఖాస్తు పెట్టిన రైతే. అది కలెక్టర్‌కు నచ్చకపోతే రిజెక్ట్. కారణం చాలాసార్లు ఒక్క ముక్కలో ఉండేది. మళ్లీ ఫీజు, మళ్లీ దరఖాస్తు. మా ఊరి పెద్దమనిషి ఒకాయన రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, కవర్ మీద బాల్‌పెన్నుతో తారీఖులు రాసుకున్నాడు. అవి ఏడు. అందులో ఏదీ భూమి కొన్నందుకు కాదు, తన పేరులో పోయిన 'య్య' కోసం.

ఊరి అధికారిని తీసేయడం మనకు కొత్తా అంటే కాదు. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్‌తో కరణాలు, మున్సబులు, పటేళ్లు, పట్వారీల పోస్టులు ఎత్తేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా రద్దు నిలబడింది. అప్పుడు పోయింది వంశపారంపర్య పెత్తనం, దాంతో దీన్ని పోల్చడానికి లేదు. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం ఒకేలా ఉంది. పని మిగిలింది కాబట్టి వీఏఓలు (గ్రామ పరిపాలన అధికారులు) వచ్చారు. 2002 ప్రాంతంలో వాళ్లను పంచాయతీ కార్యదర్శుల్లో కలిపారు. కుదరక మళ్లీ విడదీసి వీఆర్వో అన్నారు. ఇప్పుడు జీపీఓ. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2019లో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టి 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టింది.

తెలంగాణలో ప్రభుత్వం మారాక, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి అనే కొత్త పోర్టల్ వచ్చింది. తప్పులు దిద్దే అధికారం కొంత కిందికి దిగింది. జూన్‌లో రెవెన్యూ సదస్సులు పెడితే 8 లక్షలకు పైగా అర్జీలు వచ్చిపడ్డాయి. 10,954 రెవెన్యూ గ్రామాలకు ఒక్కో జీపీఓ అన్నారు. మాజీ వీఆర్వోలు, వీఆర్ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) నుంచి ఆప్షన్లు తీసుకుని, పరీక్ష పెట్టి, సెప్టెంబర్‌లో సుమారు 5,000 మందికి నియామక పత్రాలిచ్చారు. చీటీ తీసి పంపినవాళ్లనే పరీక్ష రాయించి వెనక్కి పిలిచారన్నమాట. ఊళ్లు పదివేలు దాటాయి, మనుషులు అందులో సగం. రెండేసి ఊళ్ల లెక్క అక్కడ్నుంచి వచ్చింది.

పాత సర్వీసు కలిపితే సీనియారిటీ తగాదాలొస్తాయని, జీతాల భారం చూసుకోవాలని ప్రభుత్వం వైపు వాదన. మేం పోతామనలేదు, మీరే పంపారు, మధ్యలో పోయిన ఏళ్లకు మమ్మల్ని బాధ్యుల్ని చేయొద్దని జీపీఓల జవాబు. ఈ మధ్య ఒక తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే, రికార్డు రూములో ఆ గుడ్డ మూటలు అటక మీద అలాగే ఉన్నాయి. ఊరి పేరు, కింద 7-9-2020 అని రాసిన చీటీ. కొత్తగా చేరిన జీపీఓ ఒకాయన స్టూలెక్కి తన ఊరి మూట వెతుక్కుంటున్నాడు. రెండో ఊరిది కూడా దించమంటారా అని అటెండర్ అడిగితే, ముందు ఇది దొరకనీ అన్నాడు.