అలుగు పారని చెరువు ఉప్పెక్కుతుంది

హైదరాబాద్‌లో టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క, అనే మాట వినని ఇల్లు ఉండదేమో. ఆర్ఓ మెషిన్ అమ్మడానికి వచ్చిన కుర్రాడు బోరు నీళ్ళలో పెన్నులాంటి మీటర్ ముంచి 1100 చూపించగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి ఆ కంగారులో కొంత అర్థముంది. అదే మీటర్‌ని కాలనీ చివర చెరువులో ముంచి చూసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. చెరువు అనగానే కబ్జాలు, ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు), గుర్రపుడెక్క, దోమలు, కంపు గుర్తొస్తాయి. ఉప్పు ఎవరికీ గుర్తురాదు. అది కంటికి కనపడదు, వాసన రాదు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది.

ఉప్పంటే ఇక్కడ వంటింటి ఉప్పొక్కటే అనుకోకండి. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్, ఇలా నీళ్ళలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి. ఎండకి ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు ఉన్నచోటే ఉండిపోతాయి, పొయ్యి మీద చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది, అమ్మోనియాని కూడా చివరికి నత్రజనిగా మార్చి గాల్లోకి పంపగలదు, కానీ సోడియాన్నీ క్లోరైడ్‌నీ అలా మాయం చేసే జీవి ఏదీ లేదు. అందుకే మామూలు ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి కేంద్రం, నుంచి ఎంత తేటగా నీళ్ళు బయటికొచ్చినా, లోపలికెళ్ళిన ఉప్పు దాదాపు అంతా అందులోనే ఉంటుంది. మనిషి రోజుకి 8 గ్రాముల ఉప్పు తింటాడనుకుంటే కోటి మంది ఉన్న ఊర్లో అదే రోజుకి 80 టన్నులు, అదంతా మూత్రంలోనో చెమటలోనో బయటికొచ్చి ఎక్కువ భాగం డ్రైనేజీలోకే చేరుతుంది. డిటర్జెంట్ల సోడియం దీనికి అదనం.

ఒక లెక్క వేసి చూద్దాం. చదరపు కిలోమీటరు విస్తీర్ణం, సగటున 2 మీటర్ల లోతు ఉన్న చెరువు అనుకోండి, 20 లక్షల ఘనపు మీటర్ల నీళ్ళు పడతాయి. మన ఎండలకి ఏడాదిలో సుమారు ఒకటిన్నర మీటర్ల నీరు ఆవిరవుతుంది, వాన ఒక 80 సెంటీమీటర్లు తిరిగిస్తుంది. మిగిలిన 70 సెంటీమీటర్ల లోటుని, అంటే 7 లక్షల ఘనపు మీటర్లని, మురుగు కాలువ పూడుస్తోందనుకుందాం. ఆ మురుగులో లీటరుకి ఒక గ్రాము లవణాలుంటే ఏడాదికి 700 టన్నుల ఉప్పు లోపలికి వచ్చినట్టు. బయటికి చుక్క పోవట్లేదు. నేలలోకి ఇంకే నీటిని పక్కన పెడితే, ఏటా లీటరుకి 0.35 గ్రాములు కలుస్తాయి, పదేళ్ళకి 3.5 గ్రాములు, ఇరవై ఏళ్ళకి 7 గ్రాములు, అంటే సముద్రపు నీటిలో ఐదో వంతు. ఇంత జరుగుతున్నా కట్ట మీద నడిచేవాళ్ళకి చెరువు ఏడాది పొడవునా నిండుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అదే చెరువుకి అలుగు దారి, అంటే నిండాక అదనపు నీరు పొర్లిపోయే దారి, తెరిచి, వచ్చే నీళ్ళని రెట్టింపు చేద్దాం. 14 లక్షల ఘనపు మీటర్ల మురుగు వస్తోంది, 7 లక్షలు అలుగు దాటి పోతున్నాయి. లోపలికి వచ్చే ఉప్పు కూడా రెట్టింపై 1400 టన్నులైంది, అయినా చెరువు ఉప్పదనం లీటరుకి 2 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడికి చేరేసరికి ఏటా వచ్చినంత ఉప్పూ అలుగు నీళ్ళతోనే వెళ్ళిపోతుంటుంది. ఆ రెండో 7 లక్షలు మురుగు బదులు కాలువల్లో వచ్చే వాన నీరైతే ఇంచుమించు 1 గ్రాము దగ్గరే ఆగుతుంది. నా దృష్టిలో ఈ విషయంలో తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే: చెరువులో ఉప్పు ఎంత ఉండాలో తేల్చేది వచ్చే నీటికీ బయటికి పోయే నీటికీ ఉన్న నిష్పత్తి. పోయేది సున్నా అయితే ఏ చెరువైనా చివరికి ఉప్పు చెరువే.

తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు కట్టినవాళ్ళు ప్రతి చెరువుకీ తూము పెట్టారు, అలుగు పెట్టారు, కొన్ని ఊళ్ళలో దాన్నే మత్తడి అంటారు. పై చెరువు నిండి పారితే కింది చెరువుకి, అక్కడి నుంచి ఇంకో దానికి, చివరికి మూసీకో మంజీరకో చేరేది. ప్రతి వానాకాలం చెరువు కడుపు కడిగినట్టయ్యేది. ఇప్పుడు చాలాచోట్ల చెరువుకీ చెరువుకీ మధ్య నాలా మూసుకుపోయింది, అలుగు కిందే ఇళ్ళు లేచాయి, నీళ్ళు పారితే ముంపు భయం, పారకపోతే ఈ ఉప్పు. ఎఫ్‌టీఎల్ గురించి మాట్లాడినంతగా నాలా గురించి, అలుగు గురించి మాట్లాడకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. హద్దు రాళ్ళన్నీ సరిగ్గా ఉండి నీటికి దారి లేకపోతే ఆ చెరువు బతకదు.

బయటికి దారి లేని సరస్సులకి ఏమవుతుందో చూడాలంటే కాలిఫోర్నియాలోని సాల్టన్ సీ ఉంది. 1905లో కొలరాడో నది సాగు కాలువ గట్టు తెంచుకుని సముద్ర మట్టానికి 70 మీటర్ల దిగువన ఉన్న పల్లంలోకి పారింది, 1907లో గానీ ఆపలేకపోయారు. ఆ తర్వాత దాన్ని నిలబెట్టింది చుట్టుపక్కల పొలాల నుంచి వచ్చే మురుగు సాగునీరే, అదీ లవణాలు మోసుకొచ్చే నీరు. ఇప్పుడు ఆ సరస్సు సముద్రం కంటే దాదాపు రెట్టింపు ఉప్పగా ఉంది. మెక్సికో వైపు సముద్రం నుంచి నీళ్ళు తెచ్చి పోద్దామనే ఆలోచన చాలాకాలం నడిచింది, 2022లో స్వతంత్ర నిపుణుల కమిటీ దాన్ని వద్దంది. సముద్రపు నీరు పోస్తే నీటి మట్టం పెరుగుతుంది, దాంతోపాటే ఇంకో లోడు ఉప్పు దిగుతుంది.

అమెరికాలోనే గ్రేట్ సాల్ట్ లేక్‌లో వేరే ఉపాయం చేశారు. 1959లో వేసిన రైలు కట్ట ఆ సరస్సుని రెండుగా చీల్చింది. నదులన్నీ దక్షిణ భాగంలో కలుస్తాయి, ఉత్తర భాగం ఉప్పు గడ్డకట్టేంతగా చిక్కబడింది. 2022లో నీరు బాగా తగ్గి దక్షిణ భాగంలో కూడా ఉప్పు 19 శాతానికి చేరింది. ప్రపంచంలోని రొయ్య పిల్లల హేచరీలకి మేత కోసం ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్లు పెద్ద ఎత్తున ఆ సరస్సు నుంచే వెళ్తాయి, మన కోస్తా హేచరీల వాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు, ఆ జీవులకే ముప్పొచ్చింది. 2023 ఫిబ్రవరిలో కట్టలో నీరు పారే గండి దగ్గర అడ్డుగోడ ఎత్తు పెంచి చిక్కటి ఉప్పు నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి రాకుండా ఆపారు, ఆ చలికాలం మంచు కూడా విపరీతంగా కురిసింది, దక్షిణ భాగం తేరుకుంది.

అన్నిటికంటే ఆశ పుట్టించేది మాత్రం కజకిస్తాన్. అరల్ సముద్రంలోకి వచ్చే రెండు నదుల్నీ సోవియట్ కాలంలో పత్తి పొలాలకి మళ్ళించడంతో అది ఎండి ముక్కలైంది. 2005లో ఉత్తరపు ముక్కకి దక్షిణాన 13 కిలోమీటర్ల కోకరల్ కట్ట కట్టి సిర్ దర్యా నది నీటిని అక్కడే ఆపారు. ఆ కట్టకి గేట్లున్నాయి, అదనపు నీరు ఉప్పుని మోసుకుని దక్షిణానికి పోతుంది. కొద్ది ఏళ్ళలోనే ఉప్పు బాగా తగ్గి మంచినీటి చేపలు తిరిగొచ్చాయి, వలలు మళ్ళీ పడ్డాయి. కట్టా అలుగూ ఉన్న చెరువులాగే మార్చారన్నమాట. దానికి బదులుగా దక్షిణపు ముక్కని చాలావరకు వదిలేసుకున్నారు, ఆ సంగతీ చెప్పుకోవాలి.

మన దగ్గర ఉప్పు తగ్గించడానికని చేసే పనుల్లో పనికిరానివి కొన్నున్నాయి. ఫౌంటెన్లు, ఏరేటర్లు ఆక్సిజన్ పెంచుతాయి, ఉప్పు మీద వాటి ప్రభావం ఏమీ లేదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణమూ అంతే. నెక్నాంపూర్ చెరువులో పెట్టిన మొక్కల తెప్పల్లాంటివి నైట్రేట్లు పీల్చుకోవడానికి మంచివే, నాకు ఆ ప్రయత్నమంటే గౌరవం, కానీ క్లోరైడ్‌ని చెప్పుకోదగినంత తీయలేవు. చెరువు నీటికి ఆర్ఓ పెట్టొచ్చు, కరెంటు ఖర్చు భరిస్తే ఉప్పు నిజంగానే తీస్తుంది, అయితే తీసిన చిక్కటి ఉప్పు నీటిని ఎక్కడ పోస్తాం? సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఆరబెట్టి గడ్డ చేసి పాతిపెట్టాలి, అది చాలా ఖరీదైన పని.

అలుగు తెరిచినా బాధ్యత తీరిపోదు. పై చెరువు వదిలిన ఉప్పు కింది చెరువుకి, ఆపైన మూసీకి చేరుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీరు నక్కవాగుని పాడుచేస్తోందని శుద్ధి చేసిన వ్యర్థ జలాల్ని 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి అంబర్‌పేట వైపు వెళ్ళే మురుగు లైన్‌లో కలిపారు. నక్కవాగుకి ఊరట దొరికింది కానీ ఉప్పు మూసీకి మళ్ళింది. నగరం దిగువన మూసీ నీటితో సాగు చేసే రైతుల్లో చాలామంది వరి దిగుబడి పడిపోయి పశువుల గడ్డి పెంచుకుంటున్నారు, ఆ గడ్డి ఉప్పుని తట్టుకుంటుంది కాబట్టి.

కాబట్టి ఉప్పుని పుట్టినచోటే ఆపాలి. ఫ్యాక్టరీల్లో ఎక్కువ టీడీఎస్ నీటిని, తక్కువ టీడీఎస్ నీటిని మొదటే వేరు చేసి, చిక్కటి దాన్ని ఎవాపరేటర్లలో మరిగించి ఘన ఉప్పుగా తీసి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడం ఇప్పటికే ఉన్న పద్ధతి, రెండిటినీ కలిపేసి పల్చన చేస్తే కాగితం మీద అంకె తగ్గుతుందే తప్ప టన్నులు తగ్గవు.

మనం మార్చగలిగేది ఇంకొకటుంది, అది అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉంది. బోరు నీళ్ళు గట్టిగా ఉన్నాయని, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నాయని, వాటి బదులు సోడియం వదిలే సాఫ్ట్‌నర్ పెట్టుకున్న ప్రతి సొసైటీ బస్తాల కొద్దీ ఉప్పు కొంటుంది. సాఫ్ట్‌నర్ ఉప్పుని తినేయదు, కొన్న ప్రతి బస్తా కొంత రీజనరేషన్ (మెషిన్‌ని ఉప్పు నీళ్ళతో కడిగి మళ్ళీ పనికొచ్చేలా చేయడం) నీళ్ళతో, కొంత మన నల్లాల ద్వారా చివరికి డ్రైనేజీలోకే వెళ్తుంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయ ప్రజలు నదిలో క్లోరైడ్ తగ్గించడానికి ఇళ్ళలోని ఇలాంటి ఉప్పు సాఫ్ట్‌నర్లని తీసేయాలని 2008 నవంబర్‌లో ఓటేశారు. మనం అంతదూరం వెళ్ళకపోయినా ఫ్లష్ ట్యాంకులకీ మొక్కలకీ కార్లు కడగడానికీ సాఫ్ట్‌నర్ నీళ్ళు పంపకుండా వేరే లైన్ ఇవ్వొచ్చు, టైమర్ ప్రకారం కాకుండా వాడిన నీటి లెక్క ప్రకారం రీజనరేషన్ జరిగేలా సెట్ చేయించొచ్చు, మంజీర, కృష్ణా, గోదావరి నీళ్ళు చాలినంత వచ్చే నెలల్లో అసలు ఆపేయొచ్చు. నెలకి ఎన్ని బస్తాలు వాడుతున్నారో మీ సొసైటీ బిల్లుల్లోనే ఉంటుంది, ముందు ఆ లెక్క అడగండి, తర్వాత ఆ పెన్ను మీటర్ పట్టుకుని మే నెలలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మీ చెరువు నీళ్ళు కొలిచి రాసిపెట్టండి. వానాకాలం గడిచాక కూడా అంకె మే నెల దగ్గరే ఉందంటే ఆ చెరువుకి వాన నీరు చేరట్లేదు, లేదా అలుగు పారట్లేదు.