అపోహలు – వాస్తవాలు: రేస్ ట్రాక్ మీద రికార్డు కొట్టిన ఎస్‌యూవీకి అరకు ఘాట్ ఒక లెక్కా?

గాజువాక ఆటోనగర్‌లో నాది బ్రేకులు, సస్పెన్షన్ పని. ఈమధ్య పెద్ద ఎస్‌యూవీలే ఎక్కువగా వస్తున్నాయి. చలికాలం మొదలైతే సోమవారం పొద్దున్న షట్టర్ ఎత్తేసరికే ఒకటో రెండో బయట నిలబడి ఉంటాయి. అన్నీ ఆదివారం సాయంత్రం అరకు నుంచి దిగినవే. "ఏటండీ, ఏదో కాలిన వాసన వచ్చింది" అని ఒకరు, "బ్రేకు లోపలికి పోతోందండి" అని ఇంకొకరు. ఆ వెంటనే అందరి నోటా ఒకటే మాట: "అయినా ఈ బండి నూర్‌బర్గ్‌రింగ్‌లో రికార్డు కొట్టిందండీ, మన ఘాట్ ఎంత దానికి?"

నూర్‌బర్గ్‌రింగ్ అంటే జర్మనీలోని పేరున్న రేస్ ట్రాక్. ఈ మాటకు జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ట్రాక్ మీద నెగ్గిన బ్రేకులకు ఘాట్ రోడ్డులో ఢోకా లేదు.

రికార్డులు నిజమే. 2021లో పోర్షే కయెన్ టర్బో జీటీ అక్కడి నార్డ్‌ష్లైఫ్ అనే 20.832 కి.మీ. ట్రాక్ చుట్టును (ల్యాపును) 7 నిమిషాల 38.9 సెకన్లలో పూర్తి చేసింది. 2024లో ఆడి ఆర్‌ఎస్ క్యూ8 పెర్ఫార్మెన్స్ దాన్ని రెండు సెకన్లకు పైగా తేడాతో దాటింది. రెండు టన్నులు దాటిన బండిని అలా తిప్పడం మామూలు ఇంజినీరింగ్ కాదు. కానీ ఆ రెండు సెకన్ల గురించి వాట్సాప్‌లో రాత్రంతా కొట్టుకునేవాళ్ళు, తమ బండిలో బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారంటే మాత్రం తలగోక్కుంటారు.

ఆ ల్యాపు ఎలా జరిగిందో చూడండి. సగటు వేగం గంటకు 160 కి.మీ. పైనే. డ్రైవరు గట్టిగా, కొద్దిసేపు బ్రేకు వేసి వదిలేస్తాడు. తర్వాతి మలుపు దాకా చక్రాలతో పాటు తిరిగే బ్రేకు డిస్కుల మీదుగా గాలి హోరున పోతుంది, వేడిని లాక్కుపోతుంది. ఎనిమిది నిమిషాల్లోపు పని అయిపోతుంది. ఇక మన అనంతగిరి దిగుడు. వేగం 25, 30. ముందు టూరిస్టు బస్సు, వెనక ఆటో, మీ కాలు పెడల్ మీదే. డిస్కుకు గాలి తగలదు, వేడి దిగే సందే ఉండదు.

లెక్క కూడా చెబుతాను. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. 800 మీటర్ల ఎత్తు దిగడమంటే, బండిని 100 కి.మీ. వేగం నుంచి 20 సార్లు పూర్తిగా ఆపినంత శక్తి. బండి బరువు ఎంతైనా ఈ 20 మారదు. కానీ ఒక్కోసారి పుట్టే వేడి బరువును బట్టే పెరుగుతుంది. మనుషులు, సామానుతో కలిపి 2,700 కిలోలయ్యే బండికీ చిన్న హ్యాచ్‌బ్యాక్‌కూ అక్కడే తేడా. ఈ శక్తిలో కొంత గాలికీ టైర్లకూ పోతుంది. మిగతాది ఇంజిన్ అయినా ఆపాలి, బ్రేకులైనా మింగాలి. మీరు గేరు డి లో పెట్టి వదిలేస్తే దాదాపు అంతా బ్రేకులే మింగుతాయి.

అప్పుడు రెండు రకాల చేటు జరుగుతుంది. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. వాసన వచ్చేది ఇక్కడే. రెండోది ఇంకా ప్రమాదం. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుడితే, మీరు తొక్కిన ఒత్తిడి ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది, మన ఊళ్ళో తేమకు కరువేముంది! బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. "పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదండి" అంటే కుదరదు.

కార్బన్ సెరామిక్ డిస్కులున్నవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మీ డిస్కు తట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని వెనక క్యాలిపర్‌లో ఉండేది ఇదే ఆయిల్.

కిందటి చలికాలం ఎంవీపీ కాలనీ నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీ, కొన్న తర్వాత మొదటి అరకు ప్రయాణం. ఘాట్ అంతా బాగానే దిగారు. కింద టీ కోసం ఆపి, మళ్ళీ బయల్దేరగానే పెడల్ మెత్తగా కిందికి పోయింది. రోడ్డు చదునుగా ఉంది, వేగం లేదు కాబట్టి పక్కన మట్టిలోకి దించి ఆపగలిగారు. "ఘాట్‌లో పోని బ్రేకు కింద ఎలా పోతుంది, కంపెనీ మోసం" అని ఆయన కోపం. మోసమేమీ లేదు. ఆపగానే గాలి ఆగిపోయింది, డిస్కులో ఉన్న వేడంతా క్యాలిపర్‌లోకి ఎక్కింది, ఆయిల్ అప్పుడు మరిగింది. తీసి చూస్తే ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, తేమ టెస్టరు ఎర్ర లైటు వెలిగించింది. ప్యాడ్లు గ్లేజ్ అయి నున్నగా మెరుస్తున్నాయి. సర్వీసు పుస్తకంలో బ్రేక్ ఆయిల్ మార్చిన ముద్ర ఒక్కటీ లేదు.

ఆయన వెంట వాళ్ళమ్మగారు కూడా వచ్చారు. "బాబూ, ఇంతకీ ఈ బండి మంచిదేనా? ఎక్కొచ్చా?" అని అడిగారు. మంచిదేనమ్మా, నిశ్చింతగా ఎక్కండి అన్నాను. ఆయిల్, ప్యాడ్లు మార్చాం, డిస్కులు నిలబడ్డాయి. ఆయిల్ మార్పించడానికి వేలల్లో అవుతుంది. ఆలస్యం చేసి డిస్కులు కూడా పోగొట్టుకుంటే ఈ బండ్లకు బిల్లు లక్షల్లోకి పోతుంది.

ఇక దిగేటప్పుడు ఏం చేయాలి? మన లారీ డ్రైవర్లకు తెలిసిన సూత్రమే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగు. ఆటోమేటిక్‌లో మాన్యువల్ మోడ్ పెట్టి, స్టీరింగ్ వెనక మైనస్ ప్యాడిల్‌తో రెండుకో మూడుకో దించండి. ఇంజిన్ మోత పెరుగుతుంది, అది చూసి కంగారు పడకండి. వేగం పెరిగితే గట్టిగా బ్రేకు వేసి తగ్గించి, పూర్తిగా వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. కిందికి చేరాక ఒకట్రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపి, తర్వాత ఆపండి, టీ ఎక్కడికీ పోదు. పొరపాటున పెడల్ మెత్తబడితే గబగబా పంపు కొడుతూ గేరు దించండి.

దిగుడులో వేగాన్ని తనంతట తానే అదుపు చేసే హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంది కదా అంటారు. అది కూడా బ్రేకులే వాడుతుంది, మీ కాలు బదులు కంప్యూటరు తొక్కుతుంది, అంతే. అది రాళ్ళూ మట్టీ ఉన్న చిన్న నిటారు దిగుడు కోసం, కిలోమీటర్ల కొద్దీ ఘాట్ కోసం కాదు. ఎలక్ట్రిక్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండ్లవాళ్ళకు ఒక మాట: అరకులో బ్యాటరీ నిండా చార్జ్ చేసి దిగితే రీజెన్‌కు, అంటే మోటారే బండిని నెమ్మదింపజేసి ఆ కరెంటును బ్యాటరీలోకి పంపడానికి, చోటుండదు. కొంచెం ఖాళీ ఉంచుకుని బయల్దేరండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి వానలో జారదు. కదలడానికీ, వేగం అందుకోవడానికీ సాయం. బ్రేకు ప్రతి బండికీ నాలుగు చక్రాలకే పడుతుంది. ఆపేదీ తిప్పేదీ టైరే.

అపోహ: రిమ్ము ఎంత పెద్దదైతే పట్టు అంత. 285/40 ఆర్22 టైరుకు పక్కగోడ ఎత్తు 114 మి.మీ. 265/65 ఆర్17 అయితే 172. మన గోతుల్లో ఆ తేడా రిమ్ము బెండుగానో, టైరు పక్కన బుడగగానో కనిపిస్తుంది. కయెన్ రికార్డు కొట్టింది పిరెల్లీ పీ జీరో కోర్సా టైర్ల మీద. అలాంటి ట్రాక్ తరహా టైర్లకు నిలిచిన నీళ్ళంటే పడదు. ఇంకో సంగతి, టైరు చౌకగా దొరికిందని లోడ్ ఇండెక్స్ తగ్గించొద్దు. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు మోస్తుంది, 100 అంటే 800 మాత్రమే.

అపోహ: స్పోర్ట్ మోడ్‌లో బండి ఎక్కువ భద్రం. సస్పెన్షన్ బిగుస్తుంది, కొన్నిట్లో బండి కిందికి దిగుతుంది. గతుకుల రోడ్డు మీద టైరు ఎగిరి పట్టు తప్పేది అప్పుడే. కంఫర్ట్‌లో పెట్టుకోండి.

అయితే ట్రాక్ పనితీరు దండగేనా? అలా అననండి. ఆనందపురం దగ్గర ఎన్‌హెచ్ 16 మీద 100లో పోతుండగా రాంగ్ రూట్‌లో స్కూటరు ఎదురొస్తే, పక్కకు లాగి మళ్ళీ లేనులోకి తేవాలి. ఆ క్షణంలో ఊగకుండా నిలిచే బాడీ, బండి అదుపు తప్పకుండా చూసే తెలివైన స్టెబిలిటీ కంట్రోల్, పెద్ద డిస్కులు నిజంగా పనికొస్తాయి. వెనక చక్రాలు కూడా తిరిగే బండైతే ఇరుకు సందుల్లో యూటర్న్ సుఖం. కానీ ఇవి చాలావరకు మామూలు వేరియంట్‌లోనే, లేదా ఆప్షన్‌గా దొరుకుతాయి. నాలుగు లేన్ల హైవే మీద కారుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితే 100 కి.మీ. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చునే ఇల్లయితే, అదే బండిలో చిన్న రిమ్ముల వేరియంట్ తీసుకోమంటాను. నడపడం సరదా, డబ్బుకు లోటు లేదు అనుకుంటే ట్రాక్ వేరియంట్ కొనుక్కోండి, తప్పేం లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు 0 నుంచి 100 ఎన్ని సెకన్లని అడగడం మాని, బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ, డిస్కు మందం, టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

చివరిగా, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు. రాత్రి వాన పడి, పొద్దున్న డిస్కు మీద ఎర్రగా తుప్పు కనిపించి, కదిలించగానే గర్రుమంటే టెన్షన్ పడకండి. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అప్పటికీ పోకుండా గరగర వస్తుంటేనో, ప్యాడ్ మందం 3 మి.మీ.కి దిగితేనో రండి, చూద్దాం.