పాయింట్ల గడి చివర చూడండి

బరంపురం

పర్లాకిమిడి పిల్లలకు తాత ఆశీస్సులు.

చలికాలంలో న్యూయార్కులో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) ఆట మనకు తెల్లారి ఐదున్నరకి పడుతుంది. మీరు బడికి బయల్దేరే వేళకి ఆట అయిపోయి, స్కోరు షీటు ఫోన్లో సిద్ధంగా ఉంటుంది. ఎవడెన్ని పాయింట్లు కొట్టాడో చూసి మూసేస్తారు మీరు. కిరాణా కొట్టు ఖాతాలో అడుగున ఉన్న మొత్తం ఒక్కటీ చూసి పుస్తకం కట్టేసినట్టు! సరుకు ఎంతకి వచ్చింది, ఎంత పాడైంది, ఎంత అప్పుపోయింది అన్నది పై గడుల్లోనే ఉంటుంది. షీటులో పాయింట్ల గడిని చివరికి పెట్టుకోండి.

ఒక మాట ముందే చెబుతాను. గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అందుకని రీబౌండుకీ అసిస్టుకీ కొత్త తెలుగు మాటలు పుట్టించను. కోర్టులో మీరు ఏమంటారో అదే రాస్తాను.

ఒక వరసను దగ్గరగా చూద్దాం. 2006 జనవరి 22న లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ టొరంటో రాప్టర్స్ మీద 81 పాయింట్లు చేశాడు. షీటులో అతని వరస ఇలా సాగుతుంది: 42 నిమిషాలు, ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా వేసే షాట్లు) 28-46, త్రీలు (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 7-13, ఫ్రీ త్రోలు (ఫౌలుకి దొరికే, అడ్డులేని ఒక్క పాయింటు షాట్లు) 18-20, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని పట్టడం) 6, అసిస్టులు (బుట్టకి దారితీసిన పాసులు) 2, స్టీల్స్ (అవతలివాళ్ల బంతి లాక్కోవడం) 3, బ్లాక్ (అవతలివాళ్ల షాట్‌ని చేత్తో ఆపడం) 1. గీతకి ఎడమన పడినవి, కుడిన వేసినవి. ఇప్పుడు పాయింట్లు మీరే కట్టండి. చాలామంది 28 రెళ్లు 56, ఏడు మూళ్లు 21, ఫ్రీ త్రోలు 18, మొత్తం 95 అంటారు. తప్పు. ఆ ఏడు త్రీలూ 28లో ముందే కలిసి ఉన్నాయి. అందుకని త్రీకి ఒక్క పాయింటే అదనంగా కలపాలి: 56, 7, 18. సరిగ్గా 81. ఏ షీటు చేతికొచ్చినా మొదట ఈ కూడిక వేసి చూడండి. తేలకపోతే రాసినవాడు ఎక్కడో జారాడని అర్థం.

ఇదే కూడిక 1962 మార్చి 2న విల్ట్ చాంబర్‌లెయిన్ చేసిన 100 పాయింట్లకీ వేయండి. 36-63, ఫ్రీ త్రోలు 28-32. 72, 28 కలిస్తే నూరు. అప్పటికి ఎన్‌బీఏలో త్రీ గీత లేదు, అది 1979-80 సీజన్లో వచ్చింది. ఆ రోజు విచిత్రం ఫ్రీ త్రోలదే. కెరీర్ మొత్తం మీద నూటికి 51 మాత్రమే బుట్టలో పడేసే మనిషి ఆ రాత్రి 32లో నాలుగే పోగొట్టాడు. అతను ఎన్ని బ్లాకులు చేశాడో మాత్రం ఎవరూ చెప్పలేరు. స్టీల్సూ బ్లాకులూ ఎన్‌బీఏ షీటుకి ఎక్కింది 1973-74 నుంచే. పాత షీటులో ఖాళీ గడి సున్నా కాదు, రాయలేదని అర్థం.

ఇక మీరు పెన్సిలు పట్టుకుని రాసే పనికి వస్తాను. ఎక్కువ తప్పులు జరిగేది ఫౌలు దగ్గర. షాట్ వేస్తుండగా ఫౌలు పడి, బంతి లోపల పడకపోతే, ఆ షాట్‌ని కుడి అంకెలో కలపకూడదు. ఫ్రీ త్రోలు మాత్రమే రాయాలి. పడితే మాత్రం రెండు వైపులా ఒక్కొక్కటి కలపాలి. ఈ తేడా మరిచిపోతే బాగా దూసుకెళ్లి ఆడే పిల్ల శాతం అన్యాయంగా పడిపోతుంది. బ్లాక్ అయిన షాట్ వేసినవాడి ఖాతాలో మిస్సే, ఆ తర్వాత బంతి పట్టినవాడికి రీబౌండు ఇవ్వాలి. తప్పిన బంతి ఎవరి చేతికీ చిక్కకుండా గీత దాటితే ఆ రీబౌండు మనిషికి కాదు, జట్టుకి రాయాలి. స్టీల్ వేసిన ప్రతిసారీ అవతలి జట్టులో ఒకరికి టర్నోవర్ (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) పడాలి. టర్నోవర్లన్నీ స్టీల్స్ కావు సుమా, కాలు గీత తొక్కినా టర్నోవరే. అసిస్టు ఒక్కటే రాసేవాడి తీర్పు మీద నడుస్తుంది. పాస్ అందుకున్నవాడు నేరుగా వేసేస్తే ఇవ్వండి, ఆగి ఇద్దర్ని తప్పించుకుని వేస్తే వద్దు. ఇంటి జట్టువాళ్ల మీద ప్రేమ ఎక్కువగా బయటపడేది ఈ గడిలోనే!

అన్నట్టు, ఒడియా బడిలో చదివేవాళ్లు ఒక జాగ్రత్త పడాలి. ఒడియా నాలుగు పైన తెరిచిన ఎనిమిదిలా ఉంటుంది. ఒకరు ఒడియా అంకెల్లో, ఒకరు ఇంగ్లీషు అంకెల్లో రాస్తే జెర్సీ నంబర్లు తారుమారై నాలుగో నంబరు బుట్ట ఎనిమిదో నంబరుకి పోతుంది. షీటు మొత్తం ఒకే అంకెల్లో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. బాస్కెట్‌బాల్లో బంతి వంతులవారీగా చేతులు మారుతుంది. ఒకరి వంతు అయితే రెండోవాళ్ల వంతు. కాబట్టి ఆట ముగిసేసరికి ఇద్దరికీ వంతులు ఇంచుమించు సమానం. ఎవరు ఆ వంతుల్ని బాగా వాడుకున్నారన్నదే ఆట. లెక్క ఇలా వేస్తారు: వేసిన షాట్లు, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి వచ్చినది, టర్నోవర్లు, ఈ మూడూ కలిపి అందులోంచి తమ బుట్ట కింద తామే తిరిగి పట్టిన ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసేయాలి. సగం కాకుండా 0.44 ఎందుకంటే, రెండు ఫ్రీ త్రోలకి ఒక వంతు అనుకుంటే బుట్ట పడ్డాక దొరికే అదనపు ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌలు (ప్రవర్తన బాగోలేకపోతే పడే ఫౌలు) ఫ్రీ త్రో వంతుని ఖర్చు చెయ్యవు కదా.

మీ జట్టుకీ గుణుపురం జట్టుకీ ఆట అయిందనుకోండి. మీరు 30-70, అందులో త్రీలు 6, ఫ్రీ త్రోలు 12-20, టర్నోవర్లు 10, ఆఫెన్సివ్ రీబౌండ్లు 12. వాళ్లు 28-60, త్రీలు 8, ఫ్రీ త్రోలు 8-10, టర్నోవర్లు 18, ఆఫెన్సివ్ రీబౌండ్లు 6. షాట్ల శాతం చూస్తే మీది 43, వాళ్లది 47. త్రీ విలువ కూడా చూడాలంటే పడిన త్రీల్లో సగం కలిపి శాతం కట్టాలి. అప్పుడు మీది 47, వాళ్లది 53. గురి వాళ్లదే బాగుంది. అయినా స్కోరు మీకు 78, వాళ్లకి 72. వంతులు కట్టండి: మీకు 76.8, వాళ్లకి 76.4. సమానమే. కానీ వాళ్లు 18 వంతులు షాట్ వేయకుండానే పారేసుకున్నారు, మీరు తప్పిన బంతిని పన్నెండు సార్లు తిరిగి పట్టారు. ఆ పది షాట్ల తేడాతో గెలిచారు. పాయింట్ల గడి చూసి చప్పట్లు కొట్టేవాడికి బుట్ట కింద భుజాలు అడ్డుపెట్టిన పిల్లాడు కనపడడు. వంతులు రెండు జట్లకీ బాగా తేడాగా వస్తే మాత్రం ముందు టర్నోవర్లూ ఆఫెన్సివ్ రీబౌండ్లూ సరిగ్గా రాశారో లేదో చూడండి.

చివరి గడి ప్లస్-మైనస్. ఒకరు కోర్టులో ఉన్నంతసేపూ జట్టు ఎంత ముందుకెళ్లిందో, వెనకపడిందో అంతే. ఒక్క ఆట చూసి దాంతో ఎవరినీ తూచకండి. మంచి ఆటగాళ్లతో కలిసి దిగినవాడికి ఊరికే పెరుగుతుంది. తప్పులు పట్టడానికి మాత్రం భేషైన గడి: జట్టులో అందరివీ కూడితే గెలుపు తేడాకి సరిగ్గా ఐదు రెట్లు రావాలి. పైన చెప్పిన ఆటలో మీకు 30, గుణుపురానికి మైనస్ 30. అలాగే నిమిషాలు కూడా. మీ ఆట పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు కాబట్టి జట్టు మొత్తం 200 రావాలి, పన్నెండేసి నిమిషాల ఎన్‌బీఏలో 240. ఎక్స్‌ట్రా టైము ఆడితే ప్రతి ఐదు నిమిషాలకీ 25 కలపండి.

ఆదివారం ఆటకి ఇద్దరు కూర్చోండి. ఒకరు కళ్లు కోర్టు మీంచి తిప్పకుండా చెప్పాలి, రెండోవాళ్లు రాయాలి. చూసేదీ రాసేదీ ఒక్కరే అయితే తల దించిన క్షణంలోనే స్టీల్ పడుతుంది. రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు. పెన్ను వద్దు. క్వార్టరు అవగానే రెండు జట్ల పాయింట్లూ స్కోరు బోర్డుతో సరిచూసుకోండి. ఆట మొత్తం అయ్యాక వెతికితే తప్పు దొరకదు. షీటు ఫోటో తీసి పంపండి, కూడికలు నేనూ వేసి చూస్తాను.

మీ
తాత