గెలవదని తెలిసీ ఎందుకు పంపించారు, తాతయ్యా?

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

మొన్న రాత్రి అన్నాలయ్యాక మా మనవరాలు సెల్‌ఫోన్ పట్టుకుని నా మంచం మీదికి వచ్చి కూర్చుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ వీడియో చూపించింది. రోడ్డు మీద ఒక్కతే అమ్మాయి. ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. కాసేపు నడుస్తోంది, మళ్లీ పరుగందుకుంటోంది. రోడ్డుకి అటూ ఇటూ జనం చప్పట్లు కొడుతున్నారు. కొందరైతే ఉండబట్టలేక ఆమె పక్కనే పరుగెడుతున్నారు, సైకిళ్ల మీద వెంట వస్తున్నారు.

"ఫస్టొచ్చిందా తాతయ్యా?"

"లేదమ్మా. అందరికంటే చివర."

ఒక్క నిమిషం ఆలోచించింది. "గెలవదని తెలిసీ ఎందుకు పంపించారు మరి?"

నేను ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. ఇదే మాట పెద్దవాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను, విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. పిల్ల అడిగితే మాత్రం సరిగ్గా జవాబు చెప్పాలి కదా. పడుకోబోయే ముందు రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదు. అందుకే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అమ్మాయి పేరు కిన్‌జాంగ్ ల్హామో. దేశం భూటాన్. మ్యాపు తీసి చూడండి, మన అస్సాంకీ టిబెట్‌కీ మధ్య కొండల్లో ఇరుక్కుని ఉంటుంది. దేశం మొత్తం మీద ఎనిమిది లక్షల లోపు జనం. మన విజయవాడ ఒక్క ఊళ్లోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. రాజధాని థింపూ సముద్ర మట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ కొండలు, లోయలే. మన ఊళ్లలో లాగా ఎటు చూసినా చదునైన నేల కనిపించదు. అక్కడికి టీవీ వచ్చిందే 1999లో.

ఇలాంటి దేశం నుంచి ఒకరు ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే ఎలా వెళ్తారో ముందు చెప్తాను. 'క్వాలిఫై అయ్యారు' అని పేపర్లో చదువుతుంటారు కదా, దాని వెనక చాలా కథ ఉంది.

పరుగు పందేల్లో టైమ్ లెక్క ఉంటుంది. పారిస్‌లో ఆడవాళ్ల మారథాన్‌కి పెట్టిన టైమ్ 2 గంటల 26 నిమిషాల 50 సెకన్లు. 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని ఆ లోపల పరుగెత్తి ముందే ఎక్కడో ఒక పోటీలో చూపించాలి. మగవాళ్ల 100 మీటర్లకైతే సరిగ్గా 10 సెకన్లు. అది అందకపోతే ప్రపంచ ర్యాంకుల్లో పైన ఉండాలి. విలువిద్యలో లెక్క వేరు. ప్రపంచం మొత్తానికి మగవాళ్లకు 64 చోట్లు, ఆడవాళ్లకు 64 చోట్లు. ఆ చోటునే 'కోటా' అంటారు. గెలిచేది ఆటగాడే అయినా కోటా మాత్రం అతని దేశానిది. తర్వాత ఎవరిని పంపాలో దేశం తేల్చుకుంటుంది.

వీటితో పాటు ఇంకో దారి ఉంది, ఆహ్వానం. మనవాళ్లు వైల్డ్ కార్డు అంటుంటారు. అథ్లెటిక్స్‌లోనూ ఈతలోనూ టైమ్ అందుకున్నవాళ్లు ఎవరూ లేని దేశం తన దగ్గరున్న మెరుగైన వాళ్లను పంపుకోవచ్చు. విలువిద్య, జూడో, షూటింగ్ లాంటి ఆటల్లో చిన్న జట్లున్న దేశాలకు కొన్ని చోట్లు విడిగా ఉంచుతారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, దేశాల ఒలింపిక్ కమిటీల సంఘం, ఆ ఆట నడిపే సమాఖ్య, ఈ మూడూ కలిసి వాటిని ఎవరికివ్వాలో చూస్తాయి. కిన్‌జాంగ్ వెళ్లింది ఈ ఆహ్వానం దారిలోనే.

దీన్ని దయతో వేసిన భిక్ష అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే భూటాన్ వాళ్ల విల్లు గురించి చెప్పాలి.

విలువిద్య వాళ్ల జాతీయ క్రీడ. వాళ్ల భాషలో 'ధా' అంటారు. పండగొచ్చినా, కొత్త సంవత్సరం వచ్చినా ఊరూరా విల్లు పోటీలే. మైదానానికి రెండు కొసల్లోనూ ఒక్కో చెక్క గురి పాతుతారు. రంగురంగుల బొమ్మలు వేసిన సన్నటి పలక అది, పిల్లవాడి నడుమంత ఎత్తు, జానెడు పైన వెడల్పు. ఆ రెండింటి మధ్య దూరం 140 మీటర్ల పైనే. అంటే ఆరు రైలు పెట్టెలు వరసగా నిలబెట్టినంత. ఈ కొసన నిలబడితే ఆ కొసనున్న పలక అగ్గిపుల్లంత కనిపిస్తుంది. వెదురు విల్లు పట్టుకుని, గురి చూసే పరికరమేదీ లేకుండా కొడతారు. బాణం తగిలిందో లేదో కొట్టినవాడికి సరిగ్గా తెలియదు. ఆ కొసన ఉన్న జట్టువాళ్లు అరిచి చెప్పాలి. తగిలితే అందరూ కలిసి పాట పాడుతూ అడుగులేస్తారు. అవతలి జట్టువాళ్లు ఊరుకోరు, ఎగతాళి చేసి గురి తప్పించాలని చూస్తారు. తగిలిన ప్రతి బాణానికీ ఒక రంగు గుడ్డ నడుముకి దోపుకుంటారు. సాయంత్రానికి మంచి విలుకాడి నడుం చుట్టూ రంగులే రంగులు.

ఇంత ఇష్టంగా ఆడే దేశానికి పతకాలు సులువుగా రావాలి కదా అనిపిస్తుంది. కానీ ఒలింపిక్స్ విలువిద్య దాదాపు వేరే ఆట. దూరం 70 మీటర్లే, కానీ మధ్యలో పది పాయింట్ల వలయం 12 సెంటీమీటర్ల పైన కొంచెం, మన టీ సాసరంత. విల్లు రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకు వంగి ఉండేది. దానికి గురి చూసే పరికరం, ఊగకుండా ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీలు ఉంటాయి, ఖరీదు కూడా ఎక్కువే. ఒక్కో బాణానికి 20 సెకన్లే టైమ్. ఎగతాళి లేదు, పాట లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో అయితే విలుకాళ్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా టీవీలో చూపించారు. ఆ టెన్షన్‌ని తట్టుకోవడం పండగ పోటీల్లో అలవాటయ్యేది కాదు.

1984 లాస్ ఏంజెలెస్‌లో భూటాన్ మొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్లింది. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఆరుగురూ విలుకాళ్లే. సంప్రదాయ పోటీల్లో ఆడవాళ్లు విల్లు పట్టేవాళ్లు కాదు. పక్కన నిలబడి పాటలు పాడటం, ఉత్సాహపరచడం వాళ్ల వంతు. అలాంటి దేశం మొదటి జట్టులోనే సగం మంది ఆడవాళ్లను పంపింది. నాకు ఇది చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. 2012 లండన్ దాకా భూటాన్ ప్రతి ఒలింపిక్స్‌కీ పంపింది విలుకాళ్లనే. లండన్‌లో మొదటిసారి ఒక షూటర్ కూడా వెళ్లింది. అన్నేళ్లూ వెళ్లారు, ఓడారు, తిరిగొచ్చారు.

2019 నవంబర్‌లో బ్యాంకాక్‌లో ఆసియా దేశాలకు ఒలింపిక్ కోటా పోటీలు జరిగాయి. అక్కడ కర్మ అనే భూటాన్ అమ్మాయి గెలుచుకుంటూ వెళ్లి టోక్యోకి కోటా సంపాదించింది. ఆమె పేరు కర్మ, అంతే, ఇంటిపేరు ఉండదు, వాళ్లలో అది మామూలే. ఎవరి ఆహ్వానం మీదా ఆధారపడకుండా ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భూటాన్ క్రీడాకారిణి ఆమె. 1984 నుంచి లెక్కేసుకోండి, 35 ఏళ్లు. సంప్రదాయం విల్లు ఇవ్వని ఆడపిల్లే దేశానికి ఆ మొదటి కోటా తెచ్చింది.

అదే పోటీల్లో మన జార్ఖండ్ అమ్మాయి దీపికా కుమారి మనకు కోటా తెచ్చింది. ఆటలో ఒక్కోసారి ఎలా జరుగుతుందో చూడండి. 2021 జులైలో టోక్యోలో మొదటి రౌండులోనే ఈ ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. అప్పటికి దీపిక ప్రపంచ నంబర్ వన్. మూడేసి బాణాలు ఒక సెట్, సెట్ గెలిస్తే రెండు పాయింట్లు, ముందు ఆరు పాయింట్లు వచ్చినవాళ్లు గెలిచినట్టు. దీపిక 6-0తో గెలిచింది. కర్మ ఒలింపిక్స్ అక్కడితో అయిపోయింది. నేను మనమ్మాయి గెలవాలనే కోరుకున్నాను. గెలిచాక మాత్రం కళ్లు కర్మ వైపే వెళ్లాయి. విల్లు దించి, నిదానంగా బాణాలు సర్దుకుంటోంది.

ఇదంతా మనకు మరీ దూరం కాదు. 2023 నవంబర్‌లో అదే బ్యాంకాక్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ రజతం గెలిచి, పారిస్‌కి మన దేశం తరఫున విలువిద్యలో మొదటి కోటా తెచ్చాడు. కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లవాడైనా, హిమాలయాల్లో పెరిగిన పిల్ల అయినా ఆ గీత దాటాల్సిందే.

మళ్లీ మనవరాలి ప్రశ్న దగ్గరికి వస్తాను. నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెప్తే మీకు బాగా అర్థమవుతుంది.

మా స్కూలు మైదానంలో సున్నంతో గీతలు గీసి పరుగు నేర్పేవాణ్ని. వాన పడితే గీతలు పోయేవి, మళ్లీ గీసేవాణ్ని. ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్ల జిల్లా పోటీల్లో 400 మీటర్లలో నెగ్గి రాష్ట్ర పోటీలకు వెళ్లింది. ముళ్ల బూట్లు ఎలా ఉంటాయో అక్కడే మొదటిసారి చూసింది. మిగతా పిల్లలు వాటి లేసులు కట్టుకుంటుంటే తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడింది. చెప్పుల్లేకుండానే పరుగెత్తింది, ఆఖరున వచ్చింది. నా పక్కనున్న ఒక పెద్దమనిషి "ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చారు మాస్టారూ" అన్నాడు. నేను మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ పిల్ల ఏడవలేదు. మొదలుపెట్టేటప్పుడు వాళ్లు చేతులు ఎక్కడ పెట్టారు, మలుపులో ఎటు వంగారు అని దారి పొడుగునా నాకు చూపిస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్నే అయిదింటికి మైదానానికి వచ్చింది. వారం తిరక్కుండా ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు. ఆ నలుగురిలో ఒకమ్మాయి రెండేళ్ల తర్వాత అదే రాష్ట్ర పోటీల్లో మూడో స్థానంలో నిలిచింది. ముందు వెళ్లిన పిల్లని నేను పంపకపోయి ఉంటే ఈ రెండో పిల్ల మైదానానికే వచ్చేది కాదు.

అందుకే ఆహ్వానాన్ని భిక్ష అంటే ఒప్పుకోలేను. 1984లో ఆ ఆరుగురు వెళ్లకపోతే, ఆ తర్వాతి వాళ్లు వెళ్లి ఓడకపోతే, రికర్వ్ విల్లు ఆ దేశంలో ఎవరు పట్టేవాళ్లు? ఎవరు నేర్పేవాళ్లు? బయట పోటీ ఎలా ఉంటుందో చూసొచ్చిన కళ్లు కావాలి ముందు. ఆ కళ్లు పెద్ద దేశాల్లో వేలమందికి ఉంటాయి. భూటాన్ లాంటి చోట పదిమందికో ఇరవైమందికో.

చిన్న దేశాలు ఎప్పుడూ ఓడిపోతాయని కూడా అనుకోకండి. పారిస్‌లో 2024 ఆగస్టు 3 రాత్రి సెయింట్ లూసియా అనే చిన్న ద్వీపం నుంచి వచ్చిన జూలియన్ ఆల్ఫ్రెడ్ 100 మీటర్లను 10.72 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచింది. అదే రాత్రి, అదే స్టేడియంలో, జనం ఇంకా తక్కువున్న ద్వీపమైన డొమినికాకి చెందిన థియా లఫాండ్ ట్రిపుల్ జంప్‌లో 15.02 మీటర్లు దూకి బంగారం తెచ్చుకుంది. రెండు దేశాలకూ ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. భూటాన్‌కి పారిస్ దాకా ఒక్కటీ రాలేదు.

ఇక కిన్‌జాంగ్ పరుగు. 2024 ఆగస్టు 11, ఒలింపిక్స్ చివరి రోజు. పారిస్ నగరసభ భవనం దగ్గర మొదలై వెర్సాయ్ మీదుగా తిరిగొచ్చే దారి అది. 1789లో రొట్టెల ధర మండిపోతుంటే పారిస్ ఆడవాళ్లు రాజుగారిని నిలదీయడానికి వెర్సాయ్ దాకా నడిచి వెళ్లారు, ఆ నడకకు గుర్తుగా ఆ దారి ఎంచుకున్నారు. అన్నీ ఎక్కుళ్లూ దిగుళ్లూ. ప్రపంచంలో మేటి పరుగుకత్తెలు కూడా కొందరు మధ్యలోనే ఆగిపోయారు.

నెదర్లాండ్స్‌కి చెందిన సిఫాన్ హసన్ 2 గంటల 22 నిమిషాల 55 సెకన్లలో వచ్చి ఒలింపిక్ రికార్డుతో గెలిచింది. కిన్‌జాంగ్ గీత దాటింది 3 గంటల 52 నిమిషాల 59 సెకన్లకు. అంటే మొదటి ఆమె వచ్చిన గంటన్నరకి. ఆ గంటన్నరలో ఆమె ఏ క్షణాన పక్కకి తప్పుకున్నా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. జనం కూడా ఇళ్లకు వెళ్లిపోవచ్చు. వాళ్లు వెళ్లలేదు, ఆమె ఆగలేదు. 80వ స్థానం, పూర్తి చేసినవాళ్లలో ఆఖరు. వీడియోలో చివరి మలుపు తిరిగాక ఆమె ముఖం చూడండి. నాకు మా తొమ్మిదో తరగతి పిల్ల గుర్తొచ్చింది.

2028లో ఒలింపిక్స్ మళ్లీ లాస్ ఏంజెలెస్‌లోనే, భూటాన్ మొదటిసారి వెళ్లిన ఊళ్లోనే. జులై 14న ప్రారంభోత్సవం. మన జట్టు వచ్చేదాకా టీవీ ముందుకు రాకుండా ఉండొద్దు, మొదటి నుంచీ కూర్చోండి. చిన్న చిన్న జట్లు ఇద్దరూ ముగ్గురుగా నడిచి వస్తుంటాయి. పసుపు, నారింజ రంగుల జెండా మీద తెల్లటి డ్రాగన్ కనిపిస్తే అది భూటాన్. ఆ డ్రాగన్ గోళ్లలో ఏదో పట్టుకుని ఉంటుంది. అదేమిటో, ఎందుకు పట్టుకుందో కనుక్కుని నాకు ఉత్తరం రాయండి. మా మనవరాలు ఇప్పటికే వెతకడం మొదలుపెట్టింది.

మీ తాతయ్య