అలవాట్ల గురించి అపోహలు - వాస్తవాలు

నేను జనాలకి అలవాట్లు మార్చుకోవడంలో సాయం చేస్తుంటాను, పొద్దున్నే లేవడం, నడక, చదవడం, ఫోన్ తగ్గించుకోవడం ఇలాంటివి. వచ్చేవాళ్ళలో చాలామంది "నావల్ల కాదండీ" అనే మాటతోనే వస్తారు. నిజానికి వాళ్ళది బద్ధకం కాదు, ఎక్కడో విన్న తప్పుడు లెక్కలు.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది.
వాస్తవం: 1960లో మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన పుస్తకంలో ఒక మాట రాశాడు, సర్జరీ అయిన పేషెంట్లకి కొత్త మొహం అలవాటు పడ్డానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని. పోనుపోను ఆ "కనీసం" పోయింది, మొహం సంగతీ పోయింది, అంకె మాత్రం మిగిలింది. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి టీమ్ 96 మందిని 12 వారాలు గమనిస్తే సగటు 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా. గ్లాసు నీళ్ళు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, ఎక్సర్‌సైజ్‌కి ఎక్కువ టైం పట్టింది.

అపోహ: ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటికొచ్చినట్టే.
వాస్తవం: అదే స్టడీలో ఒకరోజు మిస్ అయినందుకు పెద్ద తేడా ఏమీ రాలేదు. నాకు బాగా బాధేసేది ఇక్కడే. ఒకావిడ 40 రోజులు వరసగా నడిచి క్యాలెండర్‌లో టిక్కులు పెట్టుకుంది, 41వ రోజు జ్వరం వచ్చింది, ఆ ఖాళీ గడి చూడలేక క్యాలెండర్ తీసి బీరువాలో పడేసింది, నడకా మానేసింది. ఆ 40 రోజులు ఎక్కడికి పోతాయండీ?

అపోహ: రోజుకి 1 శాతం మారితే ఏడాదికి 37 రెట్లు అవుతాం.
వాస్తవం: గుణకారం కరెక్టే, కానీ మనిషి చక్రవడ్డీ కాదు కదా. ఇవాళ 10 నిమిషాలు నడిచేవాళ్ళు ఏడాది తిరిగేసరికి రోజుకి 6 గంటలు నడవరు. అలవాటు మొదట్లో గబగబా కుదురుతుంది, తర్వాత ఆ పెరుగుదల నెమ్మదించి ఒకచోట నిలబడుతుంది. అలా నిలబడ్డం అంటే ఆగిపోవడం కాదు, అలవాటు పట్టుకుందని అర్థం.

అపోహ: అంతా విల్‌పవర్‌లోనే ఉంది.
వాస్తవం: విల్‌పవర్ కంటే ముందు ఏ వస్తువు ఎక్కడుందో చూడండి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసే ఒకాయన నెలల తరబడి ఒట్లు పెట్టుకున్నాడు, ఏ ఒట్టూ వారం దాటలేదు. ఛార్జర్ మంచం పక్కనే ఉందని మాటల్లో తెలిసింది. దాన్ని హాల్లోకి మార్పించి, దిండు మీద పుస్తకం పెట్టుకోమన్నాను, పళ్ళు తోముకోగానే రెండే రెండు పేజీలు, అంతే. "రోజూ చదవాలి" అనుకోవడం కంటే "ఫలానా పని అవ్వగానే చదువుతా" అని ముడేసుకుంటే ఆ మొదటి పనే రెండోదాన్ని గుర్తుచేస్తుంది. మొదటి వారంలో రెండు రాత్రులు ఆయన హాల్లోకెళ్ళి ఫోన్ తెచ్చుకున్నాడు, నిజాయితీగా చెప్పాడు కూడా. ఛార్జర్ని మాత్రం వెనక్కి తేవద్దన్నాను, తేలేదు.